మా ఆఫీసులో తప్ప ఎక్కడా తెరుచుకోని సైటు

పోయిన వారం ఇంటి పన్ను కాగితం ఒకటి తీయించుకుందామని జగిత్యాలలో మా వీధి చివరనున్న ఆన్‌లైన్ సెంటరుకు వెళ్ళాను. నాకంటే ముందు వచ్చినవాళ్ళు ఎండకు కొంగులూ తువ్వాళ్ళూ తలకు కప్పుకుని మెట్ల దాకా నిలబడి ఉన్నారు. లోపలున్న అమ్మాయి తెర వైపు ఒకసారి చూసి, తల తిప్పకుండానే "సర్వర్ వస్తలేదు, రేపు రాండ్రి" అన్నది. అంతే, నిలబడ్డవాళ్ళంతా కాగితాలు మడిచి సంచుల్లో పెట్టుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఎందుకు రావడం లేదని ఒక్కరు అడగలేదు, రేపైనా వస్తుందని ఏం నమ్మకమని అడగలేదు, కనీసం ఆ అమ్మాయి వైపు కోపంగా చూడను కూడా లేదు. వాళ్ళ ఓర్పును మెచ్చుకోవాలో ఏమో గానీ నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇంటికి వచ్చి చల్ల కలుపుకుని తింటున్నా ఆ మంట తగ్గలేదు. సర్వరు రాకపోతే మనుషులు ఏం చేస్తారో, ఏమేం అంటారో ఒకనాడు సిరిసిల్లలో కళ్ళారా చూసినదాన్ని, చెవులారా విన్నదాన్ని. ఆ రోజు వాళ్ళు అన్న మాటలన్నీ నన్నే.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కంప్యూటరు గది అంటే చెప్పులు బయట విడిచి, గుడిలోకి పోయినట్టు పోవలసిన చోటుగా ఉండేది. మాది కోరుట్ల. మా నాయిన మగ్గం నేసి, ఆ పని సాగక బట్టల దుకాణంలో గుమాస్తాగా చేరాడు, అమ్మ బీడీలు చుట్టేది. వాళ్ళిద్దరూ కలిసి మా అక్కకు సిరిసిల్ల సంబంధం చేశారు, నన్ను జగిత్యాలకు పంపి డిగ్రీ, దాని వెనక కంప్యూటరు కోర్సు చదివించారు. నేను చదివిన సంస్థలోనే తర్వాత పాఠాలు చెప్పడానికి కుదిరాను. మా అమ్మకు నేనేం చెబుతానో చివరిదాకా అర్థం కాలేదు. ఇరుగుపొరుగు అడిగితే మా చిన్నది జగిత్యాలలో టైపు నేర్పుతుందని చెప్పేది, నేనూ దిద్దలేదు.

సిరిసిల్లలో మా అక్క ఇల్లు సాంచాల మోత మధ్యన ఉండేది. మరమగ్గాలను మా వైపు సాంచాలు అంటారు. వాటి చప్పుడు లేకపోతే అక్కడివాళ్ళకు పగలు నిద్ర పట్టదు, ఉంటే మాలాంటి వాళ్ళకు మాట వినపడదు. మా బావకు సొంత కార్ఖానా ఉండేది. ఆయన కింద ఒక తమ్ముడు. అక్క పెళ్ళయిన కొన్నేళ్ళకు ఆ తమ్ముడికి నన్ను చేసుకుంటామని అడిగారు. అక్కాచెల్లెళ్ళు ఒకే ఇంట్లో ఉంటారని మా అమ్మ ముచ్చటపడింది. నేనూ కాదనేదాన్ని కాదేమో గానీ, ఒకసారి అక్క దగ్గరికి పోయినప్పుడు కార్ఖానాలోకి తొంగిచూస్తే, పోగు తెగి సాంచా ఆగిన సందులో చాయ తాగుతున్న ఒక ముసలి కార్మికుడి చేతిలోని గ్లాసును బావ తమ్ముడు ఎడమ చేత్తో కొట్టి కింద పడేశాడు. ముసలాయన ఒలికిన చాయ మీద కాలితో దుమ్ము రాసి మళ్ళీ పోగు అతికించుకోసాగాడు. కోరుట్లకు వచ్చి నాకు ఈ సంబంధం వద్దన్నాను. కారణం చెప్పాను కూడా. గ్లాసు పడేస్తే పెళ్ళి వద్దంటారా అని రెండిళ్ళలోనూ నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. తర్వాత చాలా కాలానికి నాకు వేరే చోట పెళ్ళయింది, అది వేరే కథ, మంచి కథే. కానీ ఆనాటి నుంచి బావ నన్ను పేరుతో పిలవడం మానేశాడు, ఆయన తమ్ముడైతే నేను కనిపిస్తే ఉమ్మేసి పక్కకు పోయేవాడు.

ఇంత జరిగాక ఆ ఊళ్ళో ఉద్యోగానికి ఎందుకు పోయావని మీరడగవచ్చు. కార్ఖానాల యజమానులంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు, దానికి మా బావ కార్యదర్శి. సూరత్ నుంచీ బొంబాయి నుంచీ వచ్చే కొనుగోలుదార్లు ఇంటర్నెట్లో చూసి గానీ బయలుదేరడం లేదని తెలిసి, సంఘం కూడా సొంతంగా ఒక సైటు పెట్టుకోవాలనుకున్నది. జగిత్యాలలో మా సంస్థను అడిగితే వాళ్ళు నా పేరే చెప్పారు. బావ కాదనలేకపోయాడు, అవునని కూడా అనలేదు. అక్క మాత్రం ఫోను చేసి రమ్మన్నది. పిల్లలు బడికి పోతే ఇంట్లో మాట్లాడే దిక్కు లేదని, మేడ మీద గది ఖాళీగా ఉందని, ఆవకాయ పెట్టేటప్పుడు ఒక చేయి సాయముంటుందని అన్నది. నేను ఆ ఆవకాయ మాటకు పోయాను.

సంఘం ఆఫీసు వెనక గదిలో, కిటికీ పక్క బల్ల మీద పెట్టిన మామూలు కంప్యూటరే మా సర్వరు. లోకంలో ఎవరు మా సైటు తెరిచినా ఆ పెట్టెలోంచే బొమ్మలు వెళ్ళాలి. సిరిసిల్ల గాలిలో నూలు దుమ్ము ఉంటుంది, అది పెట్టె లోపలి ఫ్యానుకు మెత్తటి గూడులా చుట్టుకునేది. దాన్ని నేను రంగులు వేసే కుంచెతో దులిపేదాన్ని. పొద్దున ఎండ పలచగా ఉన్నప్పుడు ఒక్కో కార్ఖానా వాళ్ళు తమ బట్ట తెచ్చేవారు, ఆఫీసు డాబా మీద తాడు కట్టి ఆరేసి ఫొటోలు తీసేదాన్ని. మధ్యాహ్నపు ఎండలో తీస్తే నీలం తెల్లబోతుంది, సాయంత్రం తీస్తే తెలుపు పసుపు పడుతుంది. ఆ సంగతి నాకు చెప్పింది బట్ట పట్టుకొచ్చిన ఆడవాళ్ళే. గాలికి లేచే బట్టను చెరో కొస పట్టుకుని నిలబడి, మా చేతులు ఫొటోలో పడుతున్నాయా అని సిగ్గుపడేవాళ్ళు. నిజం చెప్పాలంటే ఆ ఊళ్ళో నేను సంతోషంగా ఉన్న గంటలు అవే.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. ఇంటర్నెట్ లైనుకు ఒక నంబరు ఉంటుంది, ఇంటి నంబరు లాగా. ఎక్కడో ఉన్నవాడు మా సంఘం పేరు కొడితే, ఆ పేరుకు ఎదురుగా రాసి ఉన్న నంబరు వెతుక్కుని మా గడప దాకా వస్తాడు. ఆ నంబరు ఎప్పటికీ మారకుండా ఉండేట్టు టెలిఫోను లైను ఒకటి ప్రత్యేకంగా తీసుకున్నాం. అదే సమయంలో బావ తమ్ముడు ఊళ్ళో కేబుల్ టీవీ నడుపుతూ, అదే తీగ మీద ఇంటర్నెట్ కూడా ఇవ్వడం మొదలుపెట్టాడు. సంఘం తన కనెక్షనే తీసుకోవాలని పట్టుబట్టాడు, సంఘం తీసుకున్నదంటే ఊరంతా తీసుకుంటుందని ఆయన లెక్క. నేను మీటింగులో వద్దన్నాను. ఆయన కనెక్షను చెడ్డదని కాదు, దానిలో సగం ఊరి ఇళ్ళు ఒకే గేటు వెనక ఉన్నట్టు ఉంటాయి, లోపలివాళ్ళు బయటికి పోవచ్చు, బయటివాడు వచ్చి గేటు కొడితే ఎవరి ఇంటికి వచ్చాడో కాపలావాడికి తెలియదు, వెనక్కి పంపేస్తాడు, సినిమాలు చూసుకునేవాళ్ళకు అది చాలు, మనకు చాలదు అని విడమరిచి చెప్పాను. అందరూ తలూపారు. బావ ఊపలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర నా కంచంలో అన్నం వడ్డిస్తున్న అక్క చేతిని చూస్తూ, ఇంట్లో తిని ఇంటివాళ్ళ పొట్ట కొట్టేవాళ్ళుంటారని అన్నాడు. అక్క చేయి ఆగలేదు, నేను తినడం ఆపలేదు.

ఆ ఏడు సాంచాలకు పని తగ్గింది. కొన్ని కార్ఖానాల్లో మోత పూర్తిగా ఆగిపోయి, ఆ వీధుల్లో నడుస్తుంటే చెవులు దిబ్బళ్ళు వేసినట్టుండేది. అటువంటి రోజుల్లో బడిపిల్లల యూనిఫాం బట్ట ఆర్డరు ఒకటి పెద్దది వస్తుందని తెలిసింది. కొనేవాళ్ళు ముందు మా సైటులో బట్టలూ సాంచాల వివరాలూ చూసి, ఏ ఏ కార్ఖానాలు చూడ్డానికి రావాలో ఫలానా రోజు సాయంత్రంలోగా తేల్చుకుంటామన్నారు. నేను అన్నీ సిద్ధం చేసి, కోరుట్ల నుంచీ జగిత్యాల నుంచీ కూడా తెరిపించి చూసి, మా నాయిన సంవత్సరీకానికి కోరుట్లకు వెళ్ళాను. అక్క రాలేదు. బావ పంపలేదో, ఆమే రాలేదో నేనడగలేదు.

తిరిగి వచ్చింది కొనేవాళ్ళు చెప్పిన ఆ రోజు పొద్దుననే. బస్సు దిగి సంచీతో సరాసరి ఆఫీసుకు పోతే, గుమ్మం ముందు చెప్పులు కుప్పగా ఉన్నాయి. లోపల యజమానులు నిండి ఉన్నారు. కొనేవాళ్ళు అప్పటికే ఫోను చేసి, మీ సైటు తెరుచుకోవడం లేదు, ఇవాళ సైటులో కనిపించినవాళ్ళ కార్ఖానాలే చూస్తామని చెప్పారట. నన్ను చూడగానే ఎవరో "వచ్చింది మహారాణి" అన్నారు. వాళ్ళలో అందరికంటే పెద్దాయన, తెల్ల మీసాల మనిషి, ఎప్పుడూ నన్ను బిడ్డా అని పిలిచేవాడు, ఆ రోజు పిలవలేదు.

"కార్ఖానా బందు పెట్టుకుని కూసున్నం," అన్నాడు. "ఇయ్యాల గిది తెరువకపోతే మా పనోళ్ళకు నేనేం మొకం సూపియ్యాలె?"

వెనక గదిలోకి పోయి చూశాను. పెట్టె నడుస్తున్నది. ఆఫీసులోని ఇంకో కంప్యూటరులో సైటు తెరిస్తే చక్కగా తెరుచుకున్నది, బట్టలన్నీ కనిపించాయి. అది చూసి జనం మరింత మండిపడ్డారు. ఇక్కడ వస్తున్నది కదా, అక్కడెందుకు రాదు, నువ్వే ఏదో తాళం వేసినవు అన్నారు. ఇక్కడ తెరుచుకోవడం ఒక లెక్క కాదు, రెండూ ఒకే గదిలో తీగతో కట్టి ఉన్నాయి, మనం అడిగింది గోడ దాటకుండానే అందుతున్నది అని చెప్పబోతే ఎవరూ విననివ్వలేదు. ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యమని నలుగురు అరిచారు. అది దండగని తెలిసీ ఆపి వేశాను, వాళ్ళ నోళ్ళు ఆ కాసేపైనా ఆగుతాయని.

నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకామె కోరుట్లలో ఇంటర్నెట్ సెంటరు నడిపేది. ఆమెకు ఫోను చేసి తెరవమన్నాను.

"తిరుగుతనే ఉన్నది మేడం," అన్నది. కాసేపాగి, "దొరుకుతలేదని వచ్చింది. మిగతాయి అన్ని మంచిగనే తెరుస్తున్నయి," అన్నది.

అంటే అక్కడ లోపం లేదు. మా ఆఫీసులో బయటి సైట్లు తెరిచాను, అవీ వచ్చాయి. అంటే మా లైను చచ్చిపోలేదు. మేము బయటికి పోగలుగుతున్నాం, బయటివాళ్ళు మా దగ్గరికి రాలేకపోతున్నారు. అప్పుడు, మనం ఏ నంబరు మీద బయటికి పోతున్నామో చూపించే పేజీ ఒకటి ఉంటుంది, అది తెరిచాను. అందులో ఉన్నది మా నంబరు కాదు. వంగి బల్ల కింద చూశాను. టెలిఫోను వాళ్ళిచ్చిన బూడిదరంగు డబ్బా ఉండవలసిన చోట నల్లటి కొత్త డబ్బా ఉన్నది, దానికి కిటికీ సందులోంచి కేబుల్ టీవీ తీగ వచ్చి తగిలి ఉన్నది.

నేను లేచి నిలబడి బావ వైపు చూశాను. ఆయన నా వైపు చూడకుండా జనంతో అన్నాడు.

"మొన్నటిదాక మంచిగనే ఉండె. ఊరికి పోయేముందు ఏం చేసి పోయిందో గా కంప్యూటరామెకే తెల్వాలె."

అన్నదమ్ములిద్దరూ చెడగొట్టాలని చేయలేదు, అది ఇప్పటికీ ఒప్పుకుంటాను. మీటింగులో నేను చెప్పింది అబద్ధమని, తమ్ముడి మీద కక్షతో చెప్పానని నమ్మి, నేను లేని సమయం చూసి మార్చారు. ఆఫీసులో తెరుచుకుంటే అంతటా తెరుచుకున్నట్టే అనుకున్నారు. చెడగొట్టాలని చేసి ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు. నేను అబద్ధాలకోరునని అంత ధీమాగా నమ్మడమే నాకు ఈనాటికీ మింగుడుపడదు.

పాత డబ్బా తెచ్చి తగిలిస్తే తప్ప దారి లేదు. డబ్బా ఎక్కడుందో వెతుకుతూ నేను వెనక గదిలో తచ్చాడుతుంటే, బావకు సద్ది పట్టుకొచ్చిన అక్క ఆ గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. బయటి గోల విని ఆమెకు అంతా అర్థమైపోయింది. టిఫిన్ గిన్నె ఇంకా చేతిలోనే ఉన్నది.

"చెల్లె, మిషిను ఖరాబైందని చెప్పు," అన్నది.

"కాలేదక్కా. టెలిఫోను డబ్బా తీసేసిండ్రు. గది పెడితే ఇప్పుడే వస్తది."

"గది మా ఇంట్ల బీరువా మీదున్నది. మరిది తెచ్చి పెట్టిండు. జనం పోయినంక నేనే తెచ్చిస్త. ఇప్పుడైతే ఖరాబైందని చెప్పు. నీదేం పోతది? రేపో మాపో జగిత్యాల పోతవు. నేను గీళ్ళ నడుమ బతకాలె."

"జనం పోయేదాక ఆగితే పొద్దు పోతది. ఎవ్వలకూ ఆర్డరు రాదు. నేను చెయ్యనిది నా మీద ఎందుకేసుకోవాలె?"

"చేసినవా లేదా అని నేను అడిగిన్నా?" అన్నది అక్క. గొంతు పెంచలేదు. "నా కోసం ఒక్క మాట అనుమంటున్న. చిన్నప్పటిసంది నీకోసం నేను ఎన్ని మాటలు పడలే?"

పడ్డది, నిజమే. నేను చదువుకోవడానికి ఆమె బడి మానింది, నా పెళ్ళి మాట తప్పినప్పుడు ఆ ఇంట్లో దెప్పుళ్ళన్నీ ఆమే విన్నది. అదంతా ఆ నిమిషంలో నాకు గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చి కూడా తలుపు తీసుకుని బయటికి వచ్చాను. గోడకు ఆనుకుని నిలబడ్డ ఆ యజమానుల ముఖాలు చూశాను, వాళ్ళ మీద నాకు జాలి కలిగిందని చెబితే అబద్ధం. వాళ్ళ మీదా కోపమే. కానీ వాళ్ళ బట్టలు నేను ఎండలో ఆరేసి ఫొటోలు తీశాను, ఆ పెట్టె నేను దులుపుకున్నాను, అది ఖరాబైందని నా నోటితో నేను అనలేను.

"టెలిఫోను డబ్బా తీసి కేబుల్ డబ్బా పెట్టిండ్రు," అన్నాను. "అందుకే బయటోళ్ళకు దొరుకుతలేదు. గా పాత డబ్బా మా బావోళ్ళ ఇంట్ల బీరువా మీదున్నది. తెప్పియ్యుండ్రి."

తలలన్నీ బావ వైపు తిరిగాయి. అప్పటికే ఎవరో కబురు పెడితే బావ తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నన్ను చేసుకోనని పోయింది గిదే," అన్నాడు అందరికీ వినపడేట్టు. "నన్ను కాదన్న కాడికి ఊరుకోక, నా ధందా మీద పడ్డది ఇప్పుడు. గిసుంటిదాన్ని నెత్తిన పెట్టుకున్నరు మీరు."

ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్విన ముఖాలు నాకింకా గుర్తే, వాళ్ళలో ఒకాయన పోయిన ఏడు పోయాడని విని నేను అయ్యో అనలేదు.

తెల్ల మీసాల పెద్దాయన మాత్రం నవ్వలేదు. "పెండ్లి ముచ్చట తర్వాత మాట్లాడుకోండ్రి," అన్నాడు బావతో. "డబ్బా ఇంట్ల ఉన్నదా, లేదా?"

బావ బల్ల మీది కాగితాలు సర్దసాగాడు. అక్క వెనక గదిలోంచి వచ్చి, టిఫిన్ గిన్నె ఆయన బల్ల మీద పెట్టి, మెట్లు దిగిపోయింది. కాసేపటికి తనే ఆ డబ్బాను కొంగు చాటున పెట్టుకుని తెచ్చి నా ముందు పెట్టింది. నా ముఖం చూడలేదు. ఎవరో ఆమెకు దారి వదిలారు, ఎవరో కావాలని వదల్లేదు, ఆమె పక్కగా ఒదిగి పోయింది.

అదృష్టం బాగుండి టెలిఫోను తీగను ఊడదీశారే గానీ తెంచలేదు. డబ్బా తగిలించి, సర్వరు తీగ దానికి మార్చి, వాళ్ళు లోపల మార్చిన ఏర్పాట్లు మళ్ళీ మునుపటిలా పెట్టి కూర్చున్నాను. డబ్బా మీద దీపాలు ఒక్కొక్కటిగా వెలిగాయి, చివరిది మాత్రం వెలగదే. వెనక ఎవరో పళ్ళు కొరకడం వినపడింది. అది వెలిగాక కోరుట్లకు ఫోను కలిపి, అందరూ వినాలని స్పీకరు మీట నొక్కాను.

"వచ్చింది మేడం," అన్నది ఆ అమ్మాయి. "బట్టల ఫొటోలు వచ్చినయి."

కార్ఖానాల పేర్లు పైనుంచి చదవమన్నాను. ఆమెకు అక్కడ ఎవరున్నారో తెలియదు, బడిలో పాఠం చదివినట్టు ఒక్కో పేరూ చదువుకుంటూ పోయింది. ఆ ఇరుకు గదిలో, నూలు దుమ్ము అంటిన చొక్కాలతో నిలబడ్డ ఆ మనుషులు తలలు వంచుకుని విన్నారు. తన కార్ఖానా పేరు వినపడగానే ఒక్కొక్కరూ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. నన్ను తిట్టినవాళ్ళు తిట్టామని అనలేదు, మంచిదని ఒక మాటా అనలేదు. పెద్దాయన గుమ్మం దాకా పోయి ఒకసారి వెనక్కి చూశాడు, ఏదో అనబోయి, బావ అక్కడే కూర్చుని ఉండటం చూసి మానుకున్నాడు. చివరికి ఫోనులో ఆ అమ్మాయి గొంతు, బల్లకు అటు బావ, ఇటు నేను మిగిలాం. ఆమె ఇంకా చదువుతూనే ఉన్నది. బావ కార్ఖానా పేరు వచ్చాక నేను ఫోను పెట్టేశాను.

సాయంత్రం ఇంటికి పోతే నా పెట్టె, బట్టల మూట మేడ మెట్ల కింద పెట్టి ఉన్నాయి. బావ చేసిన పని అనుకుని అక్కను పిలిచాను. అక్క వచ్చి గడప లోపలే నిలబడింది. ఆ పెట్టె దింపింది తనేనన్నది. బయటి మనిషివనుకుని నీకు చెప్పలేదు, చెల్లెవనుకుని చెప్పిన, బీరువా మీదున్నదని నలుగుట్ల అన్నవు, ఇంక నా గడప తొక్కకు ముదనష్టపుదానా అన్నది. నేనూ ఊరుకోలేదు. నీకు మొగుడే ముఖ్యమని, నేను అబద్ధాలకోరునని వాళ్ళు అంటుంటే నువ్వు గిన్నె పట్టుకుని నిలబడ్డావని, నోటికి ఏదొస్తే అది అన్నాను. పక్కింటివాళ్ళు సాంచా ఆపి మరీ విన్నారు. వేములవాడ మీదుగా వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని జగిత్యాల వచ్చేదాకా మనసులో ఆమెతో పోట్లాడుతూనే ఉన్నాను.

కొనేవాళ్ళు వచ్చారు, చాలా కార్ఖానాలకు పని దొరికింది. బావను కార్యదర్శి పదవి నుంచి దించారు. తమ్ముడి ఇంటర్నెట్ కనెక్షన్లు కూడా చాలామంది తీసేయించుకున్నారని విన్నాను, విని సంతోషించాను, దాచుకోవడం దేనికి. నన్ను మళ్ళీ రమ్మని సంఘం కబురు పెట్టింది, పోలేదు. జగిత్యాలలో మునుపటి కొలువులోనే చేరాను. చేసినదానికి నేనెన్నడూ బాధపడలేదు. ఇవాళ మళ్ళీ అదే గది, అదే జనం ఎదురైతే మళ్ళీ అదే చెబుతాను.

ఇప్పుడు సంఘానికి సొంత సర్వరు లేదు, వాళ్ళ సైటు ఏ దేశంలో ఏ కంపెనీ గదిలో ఉందో అందులో పనిచేసేవాళ్ళకు కూడా తెలియదట. తెరుచుకోకపోతే ఫోనులో ఒక నంబరు నొక్కి, పాట వింటూ కూర్చుంటారు. కోపం వచ్చినా దాన్ని పోయి ఎవరి ముఖం మీద వెయ్యాలో తెలియని కాలం ఇది, అందుకేనేమో మనుషులు కోపం తెచ్చుకోవడమే మానేశారు. మా ఇంట్లోనూ అట్లాగే అయింది. కొన్నేళ్ళు అక్కా నేనూ ఒకరి పేరు వింటే ఒకరం భగ్గుమనేవాళ్ళం, చుట్టాల ద్వారా ఒకరి మీద ఒకరం మాటలు పంపుకునేవాళ్ళం, ఆ మాటల కోసమైనా ఎదురుచూసేదాన్నని ఇప్పుడనిపిస్తుంది. బావ పోయాడు, ఆయన తమ్ముడు ఎటో భివండి వైపు వెళ్ళాడు, అమ్మ పోయింది, మాటలు మోసేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు. పోయిన ఎండాకాలం కోరుట్లలో మా మేనమామ మనవరాలి పెళ్ళిలో అక్క ఎదురుపడింది. జుట్టు తెల్లబడింది, చేతిలో కర్ర ఉన్నది, నడిపించుకొస్తున్న కోడలికి నన్ను చూపించి, ఈమె జగిత్యాలల ఉంటది అని చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళను అడిగినట్టు, నెమ్మదిగా, ఎంతో మర్యాదగా అడిగింది.

"భోజనం చేసిండ్రా?"

"చేసిననండి," అన్నాను. నేనింకా విస్తరి ముందు కూర్చోనే లేదు.